నవజాత శిశువుల శ్వాసమార్గ శుద్ధి: ఒక వైద్యవిధి చరిత్ర

ఉపోద్ఘాతం:
గర్భంలోనే శిశువు మలవిసర్జన చేస్తే ఆ తొలిమలం ఉమ్మనీటిలో కలుస్తుంది. మెకోనియం అని పిలిచే ఈ చిక్కని పదార్థం ఊపిరితిత్తులలో చేరితే శ్వాస కష్టమవుతుంది. కొందరు శిశువులకు వెంటిలేటర్ అవసరమవుతుంది, ప్రాణాపాయమూ ఉంటుంది. అందుకే పుట్టిన వెంటనే దానిని గొట్టంతో పీల్చివేసే సక్షన్ పద్ధతి దాదాపు నాలుగు దశాబ్దాలు విధిగా సాగింది. ఆ విధి ఏర్పడి, సడలిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

విధి స్థిరపడిన తీరు:
వాయునాళంలోని మలాన్ని పుట్టగానే పీల్చివేయాలని 1974లో అమెరికా వైద్యుడు జార్జ్ గ్రెగరీ బృందం ప్రతిపాదించింది. తల వెలువడగానే, భుజాలు రాకముందే ముక్కు, గొంతు శుభ్రపరచాలని 1976లో కార్సన్ బృందం సూచించింది. ఈ అధ్యయనాలలో శిశువులను యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విభజించి పోల్చలేదు. అయినా హాని చేసే పదార్థాన్ని తొలగిస్తే హాని తొలగుతుందన్న తర్కం అందరినీ ఒప్పించింది.

తర్కానికి పరీక్ష:
2000లో విస్వెల్ బృందం చురుకుగా పుట్టిన 2,094 మంది శిశువులను పరిశీలించింది. గొట్టం వేసి పీల్చినవారిలో 3.2 శాతం, వేయనివారిలో 2.7 శాతం ఈ వ్యాధికి లోనయ్యారు. 2004లో వైన్ బృందం అర్జెంటీనా, అమెరికా ఆసుపత్రులలో 2,514 మందిపై జరిపిన అధ్యయనంలో, తల వెలువడగానే పీల్చడం వల్లనూ ప్రయోజనం కనబడలేదు.

నిస్తేజంగా పుట్టిన శిశువుల సంగతి మిగిలింది. దీనికి సమాధానం వెదకడంలో భారతీయ వైద్యుల కృషి గణనీయం. పుదుచ్చేరి జిప్‌మర్‌లో 122 మందిపై జరిగిన అధ్యయనం 2015లో, ఢిల్లీలో 175 మందిపై జరిగినది 2016లో వెలువడ్డాయి. రెండింటిలోనూ వాయునాళ సక్షన్ వల్ల స్పష్టమైన మేలు కనబడలేదు. నిస్తేజ శిశువులకూ ఇది విధిగా చేయనవసరం లేదని 2015లోనే అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి. అవి పరిగణించిన ఆధారాలలో పుదుచ్చేరి అధ్యయనం ఒకటి.

ఇందుకు కారణాలున్నాయి. తీవ్ర వ్యాధికి లోనైన శిశువులలో హాని తరచు ప్రసవానికి ముందే మొదలవుతుంది. పైగా గొట్టం వేసే ప్రయత్నంలో, ఊపిరి అందించవలసిన అమూల్యమైన తొలి క్షణాలు గడచిపోతాయి. గొంతు వెనుక భాగాన్ని తాకితే గుండె వేగమూ మందగించవచ్చు.

ముగింపు:
ఈ చరిత్ర సక్షన్‌ను నిరాకరించదు. శ్వాసమార్గం మూసుకుపోయినప్పుడు అది నేటికీ ప్రాణరక్షకమే. వెంటిలేటర్‌పై ఉన్న శిశువులకు సైతం గంటల లెక్కన గాక, స్రావాల లక్షణాలు కనబడినప్పుడే చేయాలన్నది నేటి దృక్పథం. సదుద్దేశం, సహేతుకత ఉన్న ఆచారానికి కూడా పరీక్ష తప్పదని ఈ పరిణామం నిరూపిస్తున్నది.