చర్మలేపనం, నిల్వ, చిన్న కర్మాగారం

చర్మానికి పూసే ఏ లేపనంలోనైనా రెండు భాగాలుంటాయి: గుణమిచ్చే ద్రవ్యం ఒకటి, దానిని మోసుకువచ్చి చర్మంమీద నిలిపే ఆధారద్రవ్యం మరొకటి. చందనం, కర్పూరం, గంధకం, జింక్ ఆక్సైడ్ వంటివి మొదటి కోవకు చెందితే నెయ్యి, నూనె, మైనం, నీరు రెండవ కోవకు చెందుతాయి. వైద్యచరిత్రలు మొదటి భాగాన్ని విస్తారంగా వర్ణించి రెండవదానిని ఒక్కమాటతో దాటవేయడం పరిపాటి. అయితే లేపనాల తయారీ చరిత్రను నడిపించినది మాత్రం ఆధారద్రవ్యమే. అది ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందన్న దానినిబట్టే ఒక విడతలో ఎంత సరుకు చేయవచ్చో, ఎంతదూరం పంపవచ్చో, ఎంత నిల్వ పెట్టవచ్చో, చివరకు తయారీశాల ఎంత పెద్దదై ఉండాలో తేలుతూ వచ్చింది.

క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో రోమ్ నగరంలో వైద్యం చేసిన గ్రీకు వైద్యుడు గాలెన్ పేరుతో ప్రసిద్ధికెక్కిన లేపనంలో తేనెమైనం, ఆలివ్ నూనె, పన్నీరు ఉండేవి. మైనాన్ని నూనెలో కరిగించి, అది చల్లారుతుండగా నీటిని కొద్దికొద్దిగా చేరుస్తూ చిలికితే ఆ నీరు సన్నని బిందువులై ముద్దలో చిక్కుకుంటుంది. ఒంటికి రాసినప్పుడు ఆ నీరు ఆవిరై చల్లదనం కలుగుతుంది కనుకనే పాశ్చాత్యులు దానిని కోల్డ్ క్రీమ్ అన్నారు. ఆయుర్వేదంలోని శతధౌత ఘృతం తయారీలోనూ ఇదే సూత్రం ఉంది: రాగిపాత్రలో నేతిని నీటితో నూరుమార్లు కడుగుతూ మర్దిస్తే అది తన రంగునూ వాసననూ చాలావరకు కోల్పోయి, తెల్లని మెత్తని లేపనంగా మారి, మంటపుట్టే చర్మానికి చలువ చేస్తుంది. ఈ రెండింటిలో ఒకటి మరొకదాని నుంచి పుట్టిందని చెప్పనక్కరలేదు. కొవ్వును, నీటిని ఓపికగా కలిపి చూసిన ఇద్దరికీ దొరికిన ఫలితం ఒకటే. వాటి బలహీనత కూడా ఒకటే. నూనెనూ నీటినీ గట్టిగా పట్టి ఉంచే పదార్థం తగినంత లేకపోవడంవల్ల కొన్నాళ్లకు నీరు విడిపోయేది, నూనె పాతబడి కంపు కొట్టేది. అందుచేత వైద్యుడైనా, మందులు నూరే దుకాణదారుడైనా అవసరమైన మేరకే, ఎప్పటికప్పుడు తయారుచేసుకునేవాడు. ఆ కొద్దిపాటి తయారీ ఎవరో ఆలోచించి ఎంచుకున్న పద్ధతి కాదు, పదార్థమే విధించిన నియమం.

పంతొమ్మిదవ శతాబ్దపు రెండవ సగంలో ఆ నియమం సడలింది. అమెరికాలోని పెన్సిల్వేనియా చమురు బావుల దగ్గర పనిముట్లకు అంటుకునే మడ్డిని శుద్ధిచేసి రాబర్ట్ చెస్‌బ్రో 1872లో వాజిలిన్‌కు పేటెంటు పొందాడు. పెట్రోలియం నుంచి వచ్చిన ఈ జెల్లీ నూనెలలాగా, నేతిలాగా కంపు కొట్టదు. 1882లో జర్మనీలో ఆస్కర్ లీబ్రైఖ్, ఓటో బ్రౌన్ గొర్రెల ఉన్ని నుంచి తీసిన కొవ్వును శుద్ధిచేసి, తన బరువుకు మించి నీటిని పీల్చుకోగల లానొలిన్‌ను అందించారు. కోల్డ్ క్రీమ్‌లో వెలిగారం చేర్చడం కూడా ఆ కాలంలోనే వాడుకలోకి వచ్చింది: మైనంలోని ఆమ్లాలతో వెలిగారం కలిసి కొద్దిపాటి సబ్బుగా మారుతుంది, ఆ సబ్బు నూనెనూ నీటినీ విడిపోనివ్వదు. ఇలా నూనె, నీరు కలిసి ఉండే మిశ్రమాన్ని ఎమల్షన్ అని, వాటిని కలిపి ఉంచే పదార్థాన్ని ఎమల్సిఫయర్ అని అంటారు.

ఈ మార్పు ఒక చిన్న దుకాణాన్ని ఎంతదూరం తీసుకుపోయిందో హాంబర్గ్ నగర చరిత్ర చూపుతుంది. పాల్ కార్ల్ బయర్స్‌డార్ఫ్ అక్కడ మందుల దుకాణం నడుపుతూ, దానిలోని ప్రయోగశాలలోనే మందుపట్టీలు తయారుచేసి 1882 మార్చి 28న పేటెంటు పొందాడు. చెట్టుపాల నుంచి వచ్చే గట్టాపెర్చా అనే రబ్బరువంటి పదార్థాన్ని పలుచని గుడ్డపై పరచి, దానిమీద మందు పూయడం ఆ పద్ధతి. ఆ నగరంలోనే పనిచేస్తున్న చర్మవైద్యుడు పాల్ గెర్సన్ ఊనా ఈ పట్టీల అభివృద్ధికి తోడ్పడ్డాడు. వేలితో పూసే లేపనంలో ఎంత మందు చర్మానికి చేరిందో తెలియదు. పట్టీలో అయితే ఇంత వైశాల్యానికి ఇంత మందు అని కొలిచి ఇవ్వవచ్చు. మందును చర్మానికి చేర్చే విధానాన్ని ఒక స్వతంత్ర సమస్యగా గుర్తించి కొలతకు లోబరచిన తొలి ప్రయత్నాలలో దీనిని చేర్చవలసి ఉంటుంది. వైద్యుల కోరికనుబట్టి రకరకాల మందులతో, కొద్ది కొద్ది పరిమాణాలలో పట్టీలు చేసి ఇచ్చే ఆ దుకాణం వ్యవహారం అప్పటికింకా పాత పద్ధతిలోనే ఉండేది.

1890లో ఆ సంస్థను ఆస్కర్ ట్రాప్లోవిట్జ్ అనే యువ ఫార్మసిస్టు కొన్నాడు. ఐజాక్ లిఫ్‌షుట్జ్ అనే రసాయనవేత్త ఉన్నికొవ్వు నుంచి యూసెరిట్ అనే ఎమల్సిఫయర్‌ను వేరుచేశాడు. దాని విలువను ఊనా, ట్రాప్లోవిట్జ్ ఇద్దరూ గుర్తించారు. నూనెలో నీటిబిందువులను దీర్ఘకాలం విడిపోకుండా పట్టి ఉంచే ఆ పదార్థం ఆధారంగా 1911 డిసెంబరులో నివియా క్రీమ్ వెలువడింది. విడిపోని క్రీమ్ చేతికి వచ్చాక రోజువారీ తయారీతో పనిలేకపోయింది. పెద్ద పాత్రలో ఒక్క రకాన్నే చేసి, డబ్బాలకెత్తి, ఓడలలో ఖండాంతరాలకు పంపవచ్చు. మందుల దుకాణం ప్రపంచవ్యాప్త సంస్థ కావడానికి వ్యాపారదక్షత ఎంత కారణమో ఆ ఉన్నికొవ్వు అంత కారణం.

భారతదేశంలో ఈ చరిత్ర స్వదేశీ ఉద్యమంతో పెనవేసుకుంది. బొంబాయిలో ఇ.ఎస్. పాటన్‌వాలా 1919లో అఫ్ఘాన్ స్నో అనే తెల్లని క్రీమును, కలకత్తాలో గౌరమోహన్ దత్తా 1929లో బోరిక్ ఆమ్లం, జింక్ ఆక్సైడ్, లానొలిన్ కలిపిన బొరోలిన్‌ను విపణిలోకి తెచ్చారు. వీటికన్నా ముందే, 1893లో, కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించారు. సంగీతసభలలో దానిని ఉచితంగా పంచి ప్రచారం చేశారన్నది తెలుగువారికి సుపరిచితమైన విషయమే. 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై 1914లో మద్రాసులో దినపత్రికైన ఆంధ్రపత్రికకు, 1924లో పుట్టిన భారతి పత్రికకు, ఆంధ్ర గ్రంథమాలకు ఆ చిన్న సీసా ఆర్థికంగా అండగా నిలిచింది. తెలుగు చరిత్రకారులు నాగేశ్వరరావు పంతులుగారి పత్రికలపైనా, ఆయన దాతృత్వంపైనా శ్రద్ధగా రాశారు. ఆ పత్రికలను పోషించిన లేపనం ఎందుకు అంత తేలికగా ఊరూరా చేరగలిగిందన్న ప్రశ్న కూడా అంతే శ్రద్ధకు తగినది.

దానికి సమాధానం అమృతాంజనం చెందిన బామ్ అనే లేపనజాతి స్వభావంలో ఉంది. ఇది సౌందర్యసాధనం కాదు, నొప్పికి రాసుకునే మందు. అయినా చర్మం మీదుగా ద్రవ్యాన్ని చేరవేయడమన్న సమస్య రెండింటికీ ఉమ్మడిదే. బామ్‌లో సాధారణంగా నీరుండదు. నీరు లేనిచోట విడిపోవడమన్న బెడద ఉండదు, బూజు సులువుగా పట్టదు, ఖరీదైన చిలికే యంత్రాలతో పని ఉండదు. మైనపు ఆధారాన్ని కరిగించి, సుగంధ ద్రవ్యాలు కలిపి, గోరువెచ్చగా ఉండగానే సీసాలలో పోస్తే చాలు. పైగా బామ్‌లలో వాడే కర్పూరం, మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ అనేవి చాలా చిన్న అణువులు, కొవ్వులో కరిగేవి. వాటి అణుభారం 150కి కాస్త అటూఇటూగా మాత్రమే ఉంటుంది. 500 డాల్టన్లు, అంటే అణుభారపు లెక్కలో 500, దాటిన అణువులు ఆరోగ్యకరమైన చర్మాన్ని దాటి లోపలికి పోవడం కష్టమని చర్మశాస్త్రవేత్తలు బోస్, మైనార్డి 2000లో ఒక సూత్రంగా ప్రతిపాదించారు. ఆ లెక్కన చూస్తే బామ్ ద్రవ్యాలకు చర్మాన్ని దాటించే ప్రత్యేక వాహనం అవసరమే లేదు. కొద్దిపాటి పెట్టుబడితో మొదలైన సంస్థకు ఇంతకంటే అనువైన సరుకు దొరకడం కష్టం.

పెద్ద అణువులకు, నీటిలో కరిగే ద్రవ్యాలకు ఆ సౌలభ్యం లేదు. స్ట్రేటమ్ కార్నియమ్ అనే చర్మపు పైపొర మందం మిల్లీమీటరులో వందోవంతుకు కాస్త అటూఇటూగానే ఉన్నా, మృతకణాల మధ్య కొవ్వు నిండి ఉండడంవల్ల అది గట్టి కోటగోడగా పనిచేస్తుంది. ఈ అడ్డంకిని దాటడానికి ఇరవయ్యవ శతాబ్దం ఉత్తరార్ధంలో రెండు దారులు తెరుచుకున్నాయి. మొదటిది అలెహాండ్రో జఫరోని 1968లో స్థాపించిన ఆల్జా సంస్థ మార్గం: ప్రయాణపు వికారాన్ని ఆపే స్కోపొలమిన్‌ను మూడురోజులపాటు నిలకడగా విడుదలచేసే పట్టీకి అమెరికాలో 1979లో అనుమతి లభించింది. రెండవది ఇంగ్లండులో అలెక్ బాంగం పరిశోధనతో మొదలైంది. కొవ్వుజాతికి చెందిన లెసిథిన్‌ను నీటిలో కలిపినప్పుడు అది తనంతట తానే బోలు గోళాలుగా చుట్టుకుంటుందని ఆయన 1960ల తొలినాళ్లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సాయంతో చూపాడు. నీటిలో కరిగే ద్రవ్యాన్ని గోళం లోపల, కొవ్వులో కరిగేదానిని గోడలో దాచుకోగల ఈ లైపోసోములను 1986లో క్రిస్టియన్ డియోర్ సంస్థ కాప్చర్ అనే క్రీములో వాడడంతో చర్మసంరక్షణ వ్యాపారంలో వాహనమే ప్రకటనలకు ఎక్కింది.

అయితే లైపోసోము సుకుమారమైనది. లెసిథిన్ గాలి తగిలితే పాడవుతుంది, వేడికి దెబ్బతింటుంది, క్రీములోని ఇతర ఎమల్సిఫయర్ల తాకిడికి గోళం కరిగిపోవచ్చు. వాజిలిన్, యూసెరిట్ తొలగించిన తొందర మళ్లీ తిరిగివచ్చిందన్నమాట. గోళాలను సమానపరిమాణంలోకి తెచ్చే అధికపీడన యంత్రం కొనలేని చిన్న సంస్థ, సిద్ధంగా దొరికే లైపోసోము సాంద్రాన్ని కొని, క్రీము చల్లారాక చివరలో మెల్లగా కలుపుకుంటుంది. కలిపినదానిని ఏడాదిపాటు గోదాములో ఉంచడంకన్నా వచ్చిన ఆర్డరు మేరకే చేయడం దానికి క్షేమం.

ఇక్కడే జపాను కార్ల పరిశ్రమలో పుట్టిన ఒక ఉత్పత్తి పద్ధతి లేపనాల చరిత్రను కలుసుకుంటుంది. 1950లో అమ్ముడుపోని వాహనాలతో, కార్మికుల సమ్మెతో దివాలా అంచుకు చేరిన టొయోటా సంస్థలో, తైఇచి ఓనో అనే ఇంజినీరు నిల్వనే ప్రధాన శత్రువుగా గుర్తించి, తరువాతి దశవారు అడిగినప్పుడు అడిగినంతే చేసే విధానాన్ని దశాబ్దాలపాటు తీర్చిదిద్దాడు. అతిగా ఉత్పత్తి చేయడం, వేచి ఉండడం, అనవసరపు రవాణా, అక్కరలేని పని, నిల్వ, అనవసరపు కదలిక, లోపాలు అనే ఏడింటిని ఆయన వృథాలుగా లెక్కించాడు. చిన్న విడతలు గిట్టుబాటు కావాలంటే ఒక రకం నుంచి మరో రకానికి మారే సమయం తగ్గాలి. 1969లో టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్సుకు అచ్చు మార్చడానికి నాలుగు గంటలు పడుతుంటే, షిగెయో షింగో దానిని తొలుత గంటన్నరకు, ఆపై మూడు నిమిషాలకు తగ్గించాడు. 1988లో జాన్ క్రాఫ్‌సిక్ ఈ విధానానికి లీన్ అన్న పేరు పెట్టాడు.

లేపనాల తయారీశాలలో ప్రెస్సు స్థానంలో పాత్ర ఉంటుంది. నూనెభాగాన్నీ నీటిభాగాన్నీ విడివిడిగా డెబ్బై డిగ్రీల పైచిలుకు వేడిచేసి కలపడానికి పట్టే సమయం తక్కువ. క్రీము చల్లారడానికీ, తరువాతి రకానికి పాత్రను కడిగి సిద్ధం చేయడానికీ పట్టే సమయం ఎక్కువ. పరిమళం లేని క్రీము తరువాత పరిమళమున్నది, తెల్లనిదాని తరువాత రంగుది వచ్చేలా వాయిల వరుసను అమర్చుకుంటే కడుగుళ్లు తగ్గుతాయి; ముడిసరుకును ముందురోజే తూచి పెట్టుకుంటే పాత్ర ఖాళీగా ఉండదు. కొత్త యంత్రం కొనకుండా చేయగల ఇలాంటి మార్పులే చిన్న సంస్థలకు లీన్ నుంచి దక్కే అసలైన లాభం. భారత ప్రభుత్వం 2009లో ప్రయోగాత్మకంగా ప్రారంభించిన లీన్ పథకం దాదాపు పదేసి చిన్న పరిశ్రమలను ఒక జట్టుగా కూర్చి, నిపుణుడి ఫీజులో ఎనభై శాతాన్ని తాను భరించింది. 2023 మార్చిలో పునర్వ్యవస్థీకరించినప్పుడు ఆ వాటా తొంభై శాతానికి పెరిగింది.

ఓనో లెక్కలో వేచి ఉండడం వృథాయే అయినా, నీరున్న లేపనానికి ఆ లెక్క పూర్తిగా చెల్లదు. క్రీములో సూక్ష్మజీవులు ఎన్ని ఉన్నాయో తేల్చే పరీక్షలో నమూనాను పోషకమాధ్యమంపై ఉంచి, బాక్టీరియా, బూజు కంటికి కనిపించేంతగా ఎదిగేవరకు కొన్ని రోజులు ఆగవలసి ఉంటుంది. ఆ ఫలితం వచ్చేలోపు సరుకును గడప దాటించే ఏ సంస్కరణనూ లేపనాల తయారీదారు అంగీకరించకూడదు. అందుకే ఈ రంగంలో పద్ధతిగా నడిచే చిన్న సంస్థలు పరీక్షకు పట్టే రోజులను తగ్గించడానికి కాక, పరీక్షలో తప్పే వాయిల సంఖ్యను తగ్గించడానికి, అంటే నీటిశుద్ధి, పాత్రల శుభ్రత, నింపే గది గాలి మీద, తమ శ్రమను పెడతాయి.