ముగ్గురు వేమభూపాలురు

రెడ్డిరాజుల చరిత్రమును పరిశీలించువారికి ఎదురగు తొలి చిక్కు వేమనామము. రాజులలోను, వారి బంధువర్గములోను ఈ పేరు పలువురకు కలదు. వీరిని వేఱుపఱచునది పేరునకు ముందున్న తండ్రినామము.

ప్రోలయ కుమారుడగు ప్రోలయ వేముడు క్రీ. శ. 1325 ప్రాంతమున అద్దంకి రాజధానిగా రాజ్యమును స్థాపించెను. ఎఱ్ఱన హరివంశమునకు కృతిపతి ఈతడే. తక్కినవారికంటె ప్రాచీనుడగుటచే ఈతని విషయమున సందేహమునకు తావు తక్కువ.

అసలు చిక్కు తక్కిన యిద్దఱి విషయమున కలదు. కాటయ వేముడు కుమారగిరిరెడ్డికి సోదరీపతి, మంత్రి. కాళిదాసు నాటకములు మూడింటికిని ఈతడు కుమారగిరిరాజీయమను వ్యాఖ్యను రచించెను. పెదకోమటి వేముడు శ్రీనాథుని విద్యాధికారిగా నిలిపిన ప్రభువు. అమరుకశతకమునకు శృంగారదీపికావ్యాఖ్య ఈతనిది. సాహిత్యచింతామణియు ఈతని పేరనే యున్నది. ఇరువురును సమకాలికులు, ఇరువురును సంస్కృత వ్యాఖ్యాతలు. అంతేకాక పరస్పర విరోధులు. 1402 ప్రాంతమున కొండవీడు పెదకోమటి వేముని వశము కాగా, కాటయ వేముడు రాజమహేంద్రవరమున నిలిచి ఆతనిని ప్రతిఘటించెను.

వామనభట్టబాణుని వేమభూపాలచరిత్రము పేరున 'వేమ' శబ్దము మాత్రమే కలదు. కథానాయకుడు పెదకోమటి వేముడు. ఇట్టిచోట్ల తండ్రినామము, బిరుదము, ఆశ్రితకవి అను మూటిని సరిచూడక నిర్ణయించినచో, ఒకని కృతిని ఆతని శత్రువునకు కట్టబెట్టినట్లగును. కావున పరిశోధకుడు వేమశబ్దము కనబడినంతనే తృప్తిపడరాదు. ఆ వేము డెవ్వని కుమారుడో ముందుగా తెలిసికొనవలెను.