లెడ్జర్ నుంచి ఫోన్ దాకా: బ్యాంకు కౌంటర్ అవతలి మనుషుల కథ

టీ కొట్టు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తాం, టింగ్ అని సౌండ్ వస్తుంది, వెళ్లిపోతాం. మధ్యలో ఏ మనిషీ లేనట్టే ఉంటుంది కదా? ఈ ఎపిసోడ్ ఆ మనిషి గురించే.

ఇప్పుడు ఏ ఆఫీసు మీటింగ్‌కి వెళ్లినా డిజిటల్ ట్రాన్స్‌ఫర్మేషన్ అంటారు. దాని పక్కనే "మనుషులే ముఖ్యం" అని ఒక స్లైడ్ వేస్తారు. ఆ స్లైడ్ చూసినప్పుడల్లా నాకు మా పెదనాన్న గుర్తొస్తారు. ఆయన ఒక ప్రభుత్వ బ్యాంకులో క్లర్కు. ఏ బ్యాంకో చెప్పను. 2001లో వీఆర్‌ఎస్ తీసుకుని ఇంటికొచ్చేశారు.

ముందు ఆయన చేసిన పనేంటో చూద్దాం. అప్పట్లో డబ్బు తీయాలంటే ఫారం రాసి ఇస్తే చేతిలో ఇత్తడి టోకెన్ పెట్టేవారు. క్లర్కు మీ లెడ్జర్ తీసి, బ్యాలెన్స్ చూసి, పేజీలో ఎక్కించి, ఆఫీసర్‌కి పంపేవాడు. ఆఫీసర్ మీ సంతకాన్ని కార్డు మీది సంతకంతో పోల్చి పాస్ చేస్తే, క్యాషియర్ టోకెన్ నంబర్ పిలిచేవాడు. అదంతా అయ్యేసరికి అరగంట, ఒక్కోసారి గంట.

అసలు కష్టం ఆ తర్వాత ఉండేది. దాన్ని బ్యాలెన్సింగ్ అనేవారు. ఒక్కో ఖాతాలో ఉన్నదంతా కూడితే జనరల్ లెడ్జర్‌లోని మొత్తంతో సరిపోవాలి. పైసా తేడా వచ్చినా వెతకాల్సిందే. పెదనాన్న దగ్గర ఒక చిట్కా ఉండేది: తేడా 9తో భాగించబడిందంటే ఎవరో రెండంకెలు తారుమారు చేసి రాసి ఉండొచ్చు. 54కి బదులు 45 రాస్తే తేడా 9. చిన్నప్పుడు మాకు లెక్కలు ఆయనే ఇలా నేర్పారు!

సరే, మరి కంప్యూటర్ ఎందుకు కావాల్సొచ్చింది? 1969 జూలైలో 14 బ్యాంకుల్ని జాతీయం చేసినప్పుడు దేశం మొత్తమ్మీద ఉన్న బ్రాంచిలు 8,262. 1980లో ఇంకో ఆరు చేరాయి, మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు కూడా అందులో ఉంది. 1990 నాటికి బ్రాంచిలు 60 వేలకు దగ్గరపడ్డాయి. అంత లెక్కని చేత్తో రాసి నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. బ్రాంచికీ బ్రాంచికీ మధ్య లెక్కలు తేలకుండా పేరుకుపోయాయి.

కానీ కంప్యూటర్ అంటే ఉద్యోగులకి భయం. 1960ల్లోనే కలకత్తాలో ఎల్‌ఐసీ ఉద్యోగులు కంప్యూటర్ పెట్టనివ్వకుండా ఆఫీసు దగ్గర కాపలా కాశారు. బ్యాంకుల్లో 1983 సెప్టెంబర్‌లో యాజమాన్యాల సంఘం, యూనియన్లు కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. మరుసటి ఏడాది రిజర్వ్ బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చింది. బ్రాంచిల్లోకి లెడ్జర్ పోస్టింగ్ మెషీన్లు వచ్చాయి. 1987లో, 1993లో మళ్లీ ఒప్పందాలు. మెషీన్ మీద కూర్చున్నవాళ్లకి ప్రత్యేక అలవెన్సు కూడా దక్కింది.

ఈ కథని మామూలుగా "యూనియన్లు అడ్డుపడ్డాయి, దేశం వెనకబడింది" అని ఒక్క లైన్‌లో చెప్పేస్తారు. అందులో నిజం లేకపోలేదు. ఆ ఆలస్యానికి క్యూలో నిలబడ్డ జనమే మూల్యం కట్టారు. కానీ వాళ్లు అడిగిన ప్రశ్నలు చూడండి. మెషీన్ మీద ఎవరు కూర్చుంటారు? ఉన్నవాళ్ల ఉద్యోగాలు ఏమవుతాయి? జీతం మారుతుందా? ఇప్పుడు కన్సల్టెంట్లు లక్షలు తీసుకుని స్లైడ్ మీద పెట్టేవి ఇవే కదా.

1990ల్లో సీన్ మారింది. లెడ్జర్ అనేదే లేకుండా పుట్టిన కొత్త ప్రైవేటు బ్యాంకులు వచ్చాయి. 1996లో మన హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో బ్యాంకుల టెక్నాలజీ కోసమే రిజర్వ్ బ్యాంకు ఐడీఆర్‌బీటీ పెట్టింది. 2000-01లో ప్రభుత్వ బ్యాంకుల్లో వీఆర్‌ఎస్ తెస్తే దాదాపు లక్ష మంది వెళ్లిపోయారు.

పెదనాన్నకి అప్పుడు 51 ఏళ్లు. బ్రాంచిలో ట్రైనింగ్‌కి కుర్రాళ్లనే పంపారు. ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా అడగలేదు. కంప్యూటర్ అంటే భయం కాదట. "పాతికేళ్ల పిల్లాడి ముందు కూర్చుని, నాకిది తెలీదు బాబూ అనడానికి నోరు రాలేదురా" అన్నారు నాతో.

తమాషా ఏంటంటే, ఆయన మానేశాక ఆ బ్రాంచి వాళ్లు మూడుసార్లు ఇంటికొచ్చారు. ఖాతాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే ఒకే ఇంటిపేరుతో నలుగురు వెంకటేశ్వరరావులు తగిలారు, అందరిదీ ఒకటే ఊరు. లెడ్జర్‌లో తండ్రి పేరు చెరిగిపోయింది. ఎవరు ఎరువుల కొట్టాయన, ఎవరు రిటైరైన మాస్టారు అన్నది పెదనాన్నకి తెలుసు. వరండాలో కూర్చుని, కాఫీ తాగుతూ నలుగురినీ విడదీసి చెప్పారు. ఆ మాట పెద్దమ్మ ఇప్పటికీ కొంచెం కోపంగానే చెబుతుంది. "ఉన్నన్నాళ్లూ అడగలేదు, వెళ్లాక వచ్చారు" అని.

ఇక స్టేట్ బ్యాంకు సంగతి. టీసీఎస్‌తో కలిసి 2002 తర్వాత కోర్ బ్యాంకింగ్ మొదలుపెట్టింది. అంటే ఖాతా బ్రాంచిది కాదు, బ్యాంకుది అన్నమాట. ఎక్కడి నుంచైనా తీసుకోవచ్చు. నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించింది 2007లో ఓ.పీ. భట్ ఛైర్మన్‌గా ఉండగా నడిపిన పరివర్తన్. లక్ష మందికి పైగా ఉద్యోగుల్ని రెండేసి రోజులు కూర్చోబెట్టి, మన బ్యాంకు ఎక్కడుంది, ఎందుకు వెనకబడుతోంది అని ఉన్నదున్నట్టు చెప్పారు. దాదాపు వంద రోజుల్లో అయిపోయింది. అందులో పాఠం సాఫ్ట్‌వేర్ గురించి కాదు. కానీ ఆరేళ్ల ముందు అలాంటి రెండు రోజులు దొరికి ఉంటే పెదనాన్న రిటైర్మెంట్ దాకా ఉండేవారేమో అనిపిస్తుంది నాకు.

ఇప్పుడాయన ఫోన్‌లోనే కూరగాయల డబ్బులు కొడతారు. నేర్పింది మా చెల్లి. అయినా రాత్రి నోట్‌బుక్‌లో ఖర్చంతా రాసి, నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోలుస్తారు. పోయిన నెల 27 రూపాయలు తేడా వచ్చింది. యాప్‌లో తప్పేమో అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, "27 అంటే తొమ్మిది మూళ్లు. అంకెలు తిరగేసుంటాను" అని వెనక్కి పేజీలు తిప్పారు. 36కి బదులు 63 రాసుకున్నారు, పెరుగు ప్యాకెట్ దగ్గర.