గ్రబ్ స్ట్రీట్‌కి జాన్సన్ రాసిన అర్థం

1755 ఏప్రిల్ 15న లండన్‌లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో 42 వేలకు పైగా మాటలున్నాయి. జనం ఈనాటికీ చెప్పుకునేవి మాత్రం పదో పదిహేనో. ఓట్స్ ఇంగ్లండులో గుర్రాల దాణా, స్కాట్లండులో మనుషుల తిండి అని రాశాడని ఇప్పటికీ నవ్వుకుంటారు. ఎక్సైజు, పింఛను, పోషకుడు అన్న మాటలకూ ఇలాగే చురకలు అంటించాడు. వీటివల్ల ఆయనకు నోటిదురుసు మనిషన్న పేరు స్థిరపడిపోయింది. నేను ఒప్పుకోను. ఓట్స్ సంగతి వదిలేస్తే (ఆయన దగ్గర పనిచేసిన ఆరుగురు రాయసగాళ్లలో ఐదుగురు స్కాట్లండు వాళ్లే, అది ఉత్త ఆటపట్టింపు) మిగతా చురకల్లో ఆ మాటల కింద నలిగినవాళ్ల గోడు వినిపిస్తుంది.

ఎక్సైజునే చూడండి. లిచ్‌ఫీల్డులో పుస్తకాలమ్మిన జాన్సన్ తండ్రి తోలుకాగితాల తయారీ కూడా నడిపి, ఆ సుంకం అధికారులతో చిక్కుల్లో పడ్డాడు. సుంకం వసూలు చేసుకునేవాళ్లే తమ కూలిమనుషులతో దాన్ని లెక్కకట్టిస్తారన్నది కొడుకు రాసిన అర్థంలోని ఆరోపణ. సుంకాల కమిషనర్లు మండిపడి అటార్నీ జనరల్ విలియం మర్రేని సలహా అడిగారు. పరువునష్టమే అవుతుంది గానీ, దిద్దుకునే అవకాశం ఇవ్వండి అన్నాడాయన. కేసు పడలేదు. జాన్సన్ 1773లో స్వయంగా సవరించిన ముద్రణలోనూ ఆ అర్థం అలాగే నిలిచింది.

మరి పింఛను మాటేమిటని అడగొచ్చు. దేశద్రోహానికి ఇచ్చే కూలి అన్నంత ఘాటుగా రాసినవాడు, 1762లో రాజుగారి దగ్గర ఏడాదికి 300 పౌండ్ల పింఛను పుచ్చుకున్నాడు. జాన్ విల్క్స్ పత్రిక ఆ అర్థాన్నే ఎత్తి చూపి దులిపేసింది. ఆ దెబ్బ న్యాయమైనదే. అయితే తర్వాత 1773 ముద్రణ సవరణకు కూర్చున్నప్పుడు ఆ మాటను మెత్తబరచడం ఆయన చేతిలో పని, ముట్టుకోలేదు. తన మాట తనకే తగులుతున్నా ఉండనిచ్చాడు. పార్టీ ఫిరాయించిన లార్డ్ గోవర్ పేరును ఫిరాయింపుదారు అన్న మాట కింద ఇరికించబోయాడు కూడా. ముద్రాపకుడు కొట్టేశాడు. మంచిపనే చేశాడు, అందులో అక్కసు తప్ప ఏమీ లేదు.

నా వాదనకు అసలు ఆధారం గ్రబ్ స్ట్రీట్. మూర్‌ఫీల్డ్స్ దగ్గరి ఆ వీధిలో చిన్నచిన్న చరిత్రలు, నిఘంటువులు, నాలుగురోజుల పద్యాలు రాసేవాళ్లు ఎక్కువని, నాసిరకం రాతకు ఆ పేరే అంటుకుందని జాన్సన్ అర్థం చెప్పాడు. నిఘంటువుల్ని ఆ జాబితాలో చేర్చింది నిఘంటుకారుడే. 1,575 పౌండ్లకు పుస్తక వ్యాపారులతో ఒప్పందం కుదుర్చుకుని, అందులోంచే రాయసగాళ్లకు జీతాలిస్తూ, గఫ్ స్క్వేర్ ఇంటి అటకగదిలో ఏళ్లకేళ్లు గడిపాడు. పుస్తకాల్లో పెన్సిలుతో మాట కింద గీత గీసి, అంచున దాని మొదటి అక్షరం వేసేవాడు. రాయసగాళ్లు ఆ వాక్యాన్ని చీటీ మీదికి ఎత్తేవాళ్లు. పూటకూలి రాత అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే ఆ అర్థం కింద, కష్టాలన్నీ గడిచాక సొంత దీవి ఇథాకాను పలకరించే గ్రీకు పాదాలు చేర్చాడు. ఎగతాళి చేసే వీధిని ఎవరూ అలా పలకరించరు. 1830లో ఆ వీధి పేరు మిల్టన్ స్ట్రీట్‌గా మారింది. తర్వాత అందులో కొంత బార్బికన్ భవనాల కింద కలిసిపోయింది. నిఘంటువులో మాత్రం గ్రీకు పాదాలతో సహా ఆ పేరు అలాగే ఉంది.