ఒంగోలు సీమకు చేరువైన విశ్వవిద్యాలయం: నాగార్జున నుండి ఆంధ్రకేసరి వరకు

ప్రకాశం జిల్లాలోని చీమకుర్తి పట్టణం ఒంగోలుకు వాయవ్యంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. బంగారు చుక్కలు పొదిగినట్లు కానవచ్చే ఇక్కడి నల్ల గ్రానైటు బ్లాక్ గెలాక్సీ అను వ్యాపార నామంతో దేశదేశాలకు ఎగుమతి అగుచున్నది. ఒకవైపు క్వారీలు, మరొకవైపు మిరప, పత్తి, పొగాకు పైరులు గల ఈ ప్రాంతపు విద్యార్థులకు విశ్వవిద్యాలయ విద్య ఒక్కసారిగా అందుబాటులోకి రాలేదు. మద్రాసు, వాల్తేరు, నాగార్జున నగర్, ఒంగోలు అను నాలుగు మజిలీలలో, దాదాపు ఒక శతాబ్ద కాలంలో అది చేరువైనది.

1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయమే తొలుత తెలుగు జిల్లాల కళాశాలలన్నింటికీ ఆధారం. 1885లో గుంటూరున ప్రారంభమైన ఆంధ్ర క్రైస్తవ కళాశాల కూడ ఆ విశ్వవిద్యాలయ పరిధిలోనే పనిచేసినది. ఆంధ్రోద్యమ ఫలితంగా 1926లో బెజవాడ కేంద్రంగా ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడి, డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపాధ్యక్షులైనారు. 1930లో కేంద్ర కార్యాలయం వాల్తేరుకు తరలినది. ఇందలి ఒక విశేషం గమనింపదగినది. ఒంగోలు నుండి మద్రాసుకు రైలు మార్గాన 300 కిలోమీటర్లకు లోపే. వాల్తేరుకు 500 కిలోమీటర్లకు కొంచెం తక్కువ. అనగా తెలుగువారి స్వంత విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత ఒంగోలు విద్యార్థికి చదువు మరింత దూరమైనది. అయినను ఆనాటివారు దానిని నష్టముగా భావించలేదు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడగా రాయలసీమ, నెల్లూరు ప్రాంతాలు దాని పరిధిలోకి వెళ్ళినవి. గుంటూరు జిల్లాలో ఉండిన ఒంగోలు ప్రాంతం మాత్రం వాల్తేరుతోనే కొనసాగినది.

1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లాగా నామకరణం పొందినది. మూడు జిల్లాల అంచులను కలిపి కుట్టిన ఈ జిల్లాకు స్వంత ఉన్నత విద్యా కేంద్రమంటూ లేకపోవడం సహజమే. ఏ అంచు వారు ఆ వైపు పట్టణాలకు చదువులకు వెళ్ళడం అంతకుముందే అలవాటైనది.

ఈలోగా గుంటూరు ప్రాంతపు అవసరాలను గుర్తించి ఆంధ్ర విశ్వవిద్యాలయం 1967లో గుంటూరు సమీపంలోని నల్లపాడులో స్నాతకోత్తర కేంద్రాన్ని ప్రారంభించినది. అదే సంవత్సరం ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీ నీరు విడుదల గావించారు. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం మెట్ట భూములకు నీరందించగా, దాని ఒంగోలు శాఖా కాలువపై చీమకుర్తి చెంత రామతీర్థం జలాశయం నిర్మితమైనది. నీరు వచ్చిన పల్లెలలో పిల్లల చదువులు కూడ పెరిగినవని ఈ ప్రాంతపు పెద్దలు చెప్పెడి మాటలో అతిశయోక్తి లేదు. రెండు పంటలు పండిన ఇంటనే కుమారుని, ఆపై కుమార్తెను పట్నపు కళాశాలకు పంపగల స్తోమత కలిగినది.

నల్లపాడు కేంద్రమే 1976లో నాగార్జున విశ్వవిద్యాలయంగా రూపొందినది. 1976 సెప్టెంబరు 11న నాటి రాష్ట్రపతి శ్రీ ఫక్రుద్దీన్ అలీ అహమ్మద్ దీనిని ప్రారంభించారు. గుంటూరు, విజయవాడ నగరాల నడుమ జాతీయ రహదారి ప్రక్కన, నంబూరు, కాజ గ్రామాల చెంత నెలకొన్న ప్రాంగణానికి నాగార్జున నగర్ అని పేరు. గుంటూరు, కృష్ణా, ప్రకాశం జిల్లాల కళాశాలలు దీని పరిధిలోకి వచ్చినవి. "సత్యే సర్వం ప్రతిష్ఠితమ్" అనునది విశ్వవిద్యాలయ ధ్యేయవాక్యం.

పేరు ఎంపికను గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. మాధ్యమిక దర్శనాన్ని ప్రతిపాదించిన ఆచార్య నాగార్జునుడు శాతవాహనుల కాలపు బౌద్ధ తత్త్వవేత్త. ఆయన పేరిట వెలసిన నాగార్జునకొండ లోయ సాగర్ జలాశయంలో మునిగిపోవుటకు ముందు 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖ విస్తృతంగా త్రవ్వకాలు జరిపి, శిల్పాలను కొండపైని ప్రదర్శనశాలకు తరలించినది. నీటికి ఆయన పేరు పెట్టిన దశాబ్దంలోనే లోయ నీటిపాలు కాగా, చదువుకు ఆయన పేరు పెట్టుట కొంత ఋణం తీర్చుకొనుటే. విశ్వవిద్యాలయంలో మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం నెలకొనుటకు ఇదియే నేపథ్యం. 2004లో సంస్థ నామం ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంగా మార్చబడినది.

కాలక్రమేణ ప్రధాన ప్రాంగణానికి తోడు కృష్ణా జిల్లా నూజివీడులోను, ప్రకాశం జిల్లా ఒంగోలులోను స్నాతకోత్తర కేంద్రాలు పనిచేసినవి. 2008లో మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా విశ్వవిద్యాలయం, అదే సంవత్సరంలో నెల్లూరున విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఏర్పాటైనవి. నూజివీడు కేంద్రం కృష్ణా విశ్వవిద్యాలయానికి చెందినది. ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి విశ్వవిద్యాలయాలు వెలసినను నడుమనున్న ప్రకాశం జిల్లా మరి కొన్నేండ్లు నాగార్జున నగర్ వైపే చూడవలసివచ్చినది. చీమకుర్తి నుండి నాగార్జున నగర్ చేరవలెనన్న 120 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. వసతి గృహంలో చోటు దొరికినవారు ఎం.ఏ., ఎం.ఎస్‌సి. చదివిరి. దొరకనివారిలో పలువురు, ప్రత్యేకించి ఆడపిల్లలు, బి.ఏ., బి.కాం. పట్టాతో ఆగిపోయిరి, లేదా దూరవిద్యను ఆశ్రయించిరి. ప్రయోగశాల అవసరమగు సైన్సు విషయాలకు దూరవిద్య సరియైన ప్రత్యామ్నాయం కాజాలదు. కనుకనే ఒంగోలు కేంద్రం పరిమాణంలో చిన్నదైనను దాని ప్రయోజనం చిన్నది కాదు. ఇంట ఉండి ఉదయం బస్సెక్కి సాయంకాలానికి తిరిగివచ్చు వీలు కలుగుటయే ఎందరి విషయంలోనో చదువు సాగుటకు, ఆగుటకు మధ్యనున్న తేడా.

2022లో రాష్ట్ర ప్రభుత్వం ఒంగోలు ప్రాంగణాన్ని ప్రత్యేక విశ్వవిద్యాలయంగా, ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం అను పేరుతో ఏర్పాటు చేసినది. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు 1872 ఆగస్టు 23న ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. 1928లో సైమన్ కమిషన్ రాక సందర్భంగా మద్రాసులో తుపాకులకు ఎదురొడ్డి నిలిచినవారు. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. పేదరికంలో పెరిగి, చదువు కొరకు ఊళ్ళు మారిన ఆయన పేరు ఈ సీమ విశ్వవిద్యాలయానికి మిగుల తగినది.

విశ్వవిద్యాలయం ఏర్పడిన కొలది మాసాలకే, 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినది. అద్దంకి, పర్చూరు, చీరాల ప్రాంతాలు బాపట్ల జిల్లాలోను, కందుకూరు ప్రాంతం నెల్లూరు జిల్లాలోను చేరినవి. రెవెన్యూ సరిహద్దు మారినంత సులువుగా కళాశాలల అనుబంధం మారదు. సాధారణంగా ఒక విశ్వవిద్యాలయం క్రింద ప్రవేశం పొందిన విద్యార్థి అదే విశ్వవిద్యాలయ పట్టాతో చదువు ముగించును. క్రొత్త ప్రవేశాలు మాత్రమే క్రొత్త సంస్థకు వచ్చును. అనుబంధ రుసుములు, పరీక్షా రుసుములు రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఆదాయంలో ముఖ్య భాగం కావున, కళాశాలల సంఖ్య క్రొత్త సంస్థకు కేవలం గౌరవ విషయం కాదు.

ఇంతకన్న ముఖ్యమైనది నిధుల సంగతి. విశ్వవిద్యాలయ ధన సహాయ సంఘం 1956 నాటి చట్టంలోని 2(ఎఫ్) విభాగం క్రింద గుర్తింపు లభించుట ఒక మెట్టు. 12(బి) విభాగం క్రింద అర్హత లభించినగాని కేంద్ర నిధులు అందవు. ఆ అర్హతకు స్వంత భవనాలు, గ్రంథాలయం, ప్రయోగశాలలు, శాశ్వత ఆచార్యుల నియామకాలు ప్రాతిపదిక. స్నాతకోత్తర కేంద్రంగా ఉన్నప్పుడు తల్లి సంస్థ నీడన సాగిన పనులన్నియు ఇప్పుడు స్వయంగా నిర్వహింపవలసి వచ్చును. నామఫలకం మారినంతనే విశ్వవిద్యాలయం సిద్ధించదని జిల్లా విద్యాభిమానులు పట్టుబట్టుట న్యాయమే.

ఇతర వృత్తి విద్యలకు వేర్వేరు సంస్థలు కలవు. జిల్లా ఇంజనీరింగు కళాశాలలు 2008లో ప్రత్యేక విశ్వవిద్యాలయమైన కాకినాడ జె.ఎన్.టి.యు.కు అనుబంధమైనవి. గ్రామీణ విద్యార్థులకై రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2016లో ఒంగోలు ట్రిపుల్ ఐటీని మంజూరు చేసుకొన్నను, ఆరంభంలో దాని తరగతులు ఇడుపులపాయ ప్రాంగణంలో జరిగినవి. పత్తి, మిరప పరిశోధనకు గుంటూరు చెంత లాంలోని వ్యవసాయ పరిశోధనా కేంద్రమే నేటికిని పెద్ద దిక్కు.

చీమకుర్తి విషయంలో మరొక కోణం కలదు. ఇక్కడి శిల గాబ్రో జాతికి చెందినది. అందు మెరిసెడి చుక్కలు పైరాక్సీన్ ఖనిజపు రేకులు. జిల్లాలోని ఏల్చూరు, పురిమెట్ల, ఉప్పలపాడు మున్నగు చోట్ల లభించు అరుదైన క్షార శిలలకు "ప్రకాశం క్షార శిలా ప్రాంతం" అని పేరు పెట్టి, 1989లో శాస్త్ర ప్రపంచానికి పరిచయం గావించినవారు ఉస్మానియా విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన ఆచార్యులు సి. లీలానందం. శిల ఈ జిల్లాది, పరిశోధన హైదరాబాదుది. క్వారీలో రాయి కోయు కార్మికుని బిడ్డ, తన తండ్రి కోసిన రాయి ఎట్లు పుట్టినదో ఒంగోలులోనే చదివి, పరిశోధింపగల శాఖ ఒకటి ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయంలో బలపడవలసియున్నది. గనుల భద్రత, దుమ్ము వలన కలుగు ఊపిరితిత్తుల వ్యాధి, పూడ్చని గోతులలో నిలిచిన నీరు, రాతి వ్యర్థాల వినియోగం: వీటిలో ప్రతి ఒక్కటియు పరిశోధక విద్యార్థికి సిద్ధాంత వ్యాసమగును. క్షేత్రం ప్రాంగణానికి అరగంట బస్సు ప్రయాణంలో ఉన్నది.