కువైట్ కోసం కట్టిన కూటమి

1990 నవంబర్ నెలకు ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి అధ్యక్ష స్థానం అమెరికాది. డిసెంబర్ 1 నుంచి అది యెమెన్‌కు వెళ్తుంది. కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ మీద బలప్రయోగానికి అనుమతినిచ్చే తీర్మానం నెలాఖరులోగా నెగ్గకపోతే, దాన్ని వ్యతిరేకిస్తున్న దేశమే సభను నడుపుతుంది. అందుకే అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ ఆ నెలంతా మండలి సభ్యదేశాల మంత్రులను ఒక్కొక్కరినీ కలిసి మాట్లాడాడు. నవంబర్ 29న తానే అధ్యక్ష స్థానంలో కూర్చుని ఓటింగ్ జరిపించాడు. 678వ తీర్మానానికి అనుకూలంగా 12 ఓట్లు పడ్డాయి. క్యూబా, యెమెన్ వ్యతిరేకించాయి. వీటో ఉన్న చైనా తటస్థంగా ఉండిపోయింది. కువైట్ వదిలి వెళ్లడానికి ఇరాక్‌కు 1991 జనవరి 15 వరకు గడువు ఇచ్చారు.

ఆ గడువు దాటాక జరిగిన యుద్ధాన్ని సైనిక విజయంగా చెప్పుకోవడం ఆనవాయితీ. నా లెక్కలో అది ముందుగా దౌత్య విజయం. కూటమి కట్టడానికి ఎవరెవరికి ఏ మాట ఇచ్చారో, ఆ మాటలే యుద్ధం ఎక్కడ ఆగాలో కూడా తేల్చేశాయి. ఆగిన చోట నలిగిపోయింది ఇరాక్ ప్రజలు.

తగవు పాతదే. 1899లో కువైట్ పాలకుడు బ్రిటన్‌తో ఒప్పందం చేసుకుని దాని నీడకు చేరాడు. 1922లో ఉకైర్ సమావేశంలో బ్రిటిష్ అధికారి పెర్సీ కాక్స్ సరిహద్దులు గీసేటప్పుడు ఇరాక్‌కు సముద్రతీరం నామమాత్రంగానే మిగిలింది. 1961 జూన్‌లో కువైట్ స్వతంత్రమైన కొద్ది రోజులకే ఇరాక్ ప్రధాని అబ్దుల్ కరీం ఖాసిం అది తమ దేశంలో భాగమన్నాడు. బ్రిటిష్ సేనలు దిగాయి, తర్వాత వాటి స్థానంలోకి అరబ్ లీగ్ సేనలు వచ్చాయి. ఖాసిం పతనమయ్యాక 1963లో ఇరాక్ కువైట్‌ను గుర్తించింది కానీ, సరిహద్దు రాళ్లు పాతే పని అలాగే ఉండిపోయింది.

1990 నాటికి పాత తగవుకు కొత్త అప్పు తోడైంది. ఇరాన్‌తో ఎనిమిదేళ్లు పోరాడిన ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ దగ్గర పెద్ద సైన్యం మిగిలింది, ఖజానా ఖాళీ అయింది. గల్ఫ్ రాజ్యాలను కాపాడటానికే తాను రక్తం ధారపోశానని, కాబట్టి అప్పులు మాఫీ చేయాలని అతని వాదన. కువైట్ ఒప్పుకోలేదు. పైగా ఒపెక్ కోటా దాటి చమురు తోడటంతో ధర పడిపోతోందని, ఉభయ దేశాల సరిహద్దులోని రుమైలా క్షేత్రం నుంచి తమ చమురు కూడా లాగేస్తోందని సద్దాం ఆరోపించాడు. జూలై 25న అమెరికా రాయబారి ఏప్రిల్ గ్లాస్పీని పిలిపించుకుని మాట్లాడాడు. అరబ్బుల మధ్య సరిహద్దు తగాదాల్లో అమెరికా ఏ పక్షమూ వహించదన్న ధోరణిలో ఆమె జవాబిచ్చింది. ఆ జవాబే దాడికి పచ్చజెండా అని ఆమె మీద పడిన నింద అన్యాయమని నా నమ్మకం. వాషింగ్టన్ పంపుతూ వచ్చిన మాటనే ఆమె చెప్పింది. సరిహద్దులో సైన్యం పోగవుతున్నా గట్టి హెచ్చరిక పంపనిది వాషింగ్టనే.

ఆగస్టు 1న జెడ్డాలో ఇరాక్, కువైట్‌ల మధ్య చర్చలు విఫలమయ్యాయి. 2వ తేదీ తెల్లవారుజామున ఇరాక్ ట్యాంకులు కువైట్‌లోకి దూసుకొచ్చాయి. అమీర్ సౌదీ అరేబియాకు వెళ్లిపోయాడు. దస్మాన్ ప్రాసాదం దగ్గర అతని తమ్ముడు షేక్ ఫహద్ ప్రాణం పోయింది. 8వ తేదీకల్లా కువైట్‌ను విలీనం చేసుకుంటున్నట్టు బాగ్దాద్ ప్రకటించింది, నెలాఖరుకు దాన్ని తన 19వ రాష్ట్రం చేసుకుంది.

ఇక్కడి నుంచి అయిదున్నర నెలలు దౌత్యానివి. దాడి జరిగిన మర్నాడే బేకర్, సోవియట్ విదేశాంగ మంత్రి షెవర్ద్‌నాద్జే మాస్కో విమానాశ్రయంలో కలిసి నిలబడి ఇరాక్‌ను ఖండించారు. ఇరాక్ సోవియట్ యూనియన్‌కు చిరకాల మిత్రదేశం, దాని ట్యాంకులు చాలావరకు సోవియట్ తయారీవే. రెండు అగ్రరాజ్యాలు ఇలా ఒక మాట మీదికి రావడం ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఊహకందనిది. 6వ తేదీన వాణిజ్య ఆంక్షల తీర్మానం వచ్చింది. అదే రోజు అమెరికా రక్షణ మంత్రి డిక్ చెనీ జెడ్డా వెళ్లి, సైన్యాన్ని దించడానికి సౌదీ రాజు ఫహద్‌ను ఒప్పించాడు. మక్కా, మదీనాలున్న దేశంలోకి విదేశీ సేనలను రానివ్వడం ఫహద్‌కు చిన్న విషయం కాదు. ఆ సేనలతో పాటు ముస్లిం దేశాల సేనలూ ఉంటేనే అతను తన ప్రజలకు సమాధానం చెప్పుకోగలడు.

అందుకే ఆగస్టు 10న కైరోలో జరిగిన అరబ్ శిఖరాగ్ర సభ కీలకమైంది. 21 సభ్యదేశాల్లో 12 సేనలు పంపడానికి ఒప్పుకున్నాయి. ఈజిప్టు అధ్యక్షుడు హోస్నీ ముబారక్ ముందు నిలిచాడు, అమెరికా అతని దేశానికిచ్చిన సుమారు 700 కోట్ల డాలర్ల సైనిక రుణాన్ని రద్దు చేసింది. సద్దాంతో పాత పగ ఉన్న సిరియా నేత హఫీజ్ అల్ అసద్ కూడా సేనలు పంపాడు. టర్కీ తన నేల మీదుగా వెళ్లే ఇరాక్ చమురు పైపులైను మూసేసింది. బేకర్ జోలె పట్టుకుని దేశదేశాలు తిరిగాడు. యుద్ధానికైన 6,100 కోట్ల డాలర్లలో 5,000 కోట్లకు పైగా సౌదీ, కువైట్, జపాన్, జర్మనీ తదితర దేశాలే భరించాయి. జైకొట్టనివాళ్లకు దెబ్బ తగిలింది. యెమెన్‌కు అమెరికా సాయం తెగిపోయింది, సౌదీలో పనిచేసుకునే లక్షల మంది యెమెన్ కార్మికులు మూటాముల్లె సర్దుకుని ఇంటిదారి పట్టారు.

మన దేశానికి ఇది దూరపు యుద్ధం కాదు. కువైట్‌లో అప్పటికి లక్షన్నరకు పైగా భారతీయులున్నారు. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన డ్రైవర్లు, ఇంటి పనివాళ్లు, మేస్త్రీలు వారిలో ఉన్నారు. విదేశాంగ మంత్రి ఐ.కె.గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాంను ఆలింగనం చేసుకున్న ఫొటోకు విదేశాల్లో విమర్శలొచ్చాయి. కానీ ఆ పలకరింపుతోనే మనవాళ్లు బస్సుల్లో ఎడారి దాటి జోర్డాన్ చేరే దారి తెరుచుకుంది. ఆగస్టు 13 నుంచి అక్టోబర్ 11 వరకు ఎయిర్ ఇండియా అమ్మాన్ నుంచి 488 విమానాల్లో లక్షా పదివేల మందికి పైగా తీసుకొచ్చింది. ప్రాణాలు దక్కాయి కానీ, వాళ్లు పంపే డాలర్లు ఆగిపోయాయి. చమురు ధర అక్టోబర్ నాటికి బారెల్‌కు 40 డాలర్లు తాకింది. అప్పటికే నీరసించిన మన విదేశీ మారక నిల్వల మీద అది పెద్ద దెబ్బ. 1991 జూలైలో పీవీ నరసింహారావు ప్రభుత్వం దాదాపు 47 టన్నుల బంగారాన్ని తాకట్టు కోసం దేశం దాటించాల్సి రావడానికి ఉన్న కారణాల్లో ఈ యుద్ధం ఒకటి.

జనవరి 9న జెనీవాలో చివరి ప్రయత్నం జరిగింది. బేకర్, ఇరాక్ విదేశాంగ మంత్రి తారిఖ్ అజీజ్ ఆరు గంటలకు పైగా కూర్చున్నారు. అమెరికా అధ్యక్షుడు బుష్ సద్దాంకు రాసిన ఉత్తరాన్ని బేకర్ అందించాడు. అజీజ్ దాన్ని నిదానంగా చదివాడు. దేశాధినేతకు రాసే భాష ఇది కాదంటూ బల్ల మీదే వదిలేసి వెళ్లాడు. మూడు రోజులకు అమెరికన్ సెనెట్ 52–47 ఓట్లతో యుద్ధానికి అనుమతించింది. అయిదు ఓట్ల తేడా ఎంత పలుచనిదో ఇప్పుడెవరికీ గుర్తులేదు.

జనవరి 17 వేకువకు ముందు అపాచీ హెలికాప్టర్లు ఇరాక్ రాడార్ కేంద్రాలను కూల్చి దారి తెరిచాయి. ఆ తర్వాత అయిదు వారాలకు పైగా బాంబులే. దాడి మొదలైన మర్నాడే సద్దాం ఇజ్రాయెల్ మీదికి స్కడ్ క్షిపణులు వదిలాడు. సైనికంగా వాటి విలువ తక్కువే. ఇజ్రాయెల్ తిరగబడితే అరబ్ దేశాలు కూటమిలో ఉండలేవని అతని ఎత్తు. అమెరికా స్కడ్‌లను అడ్డుకునే పేట్రియాట్ క్షిపణులను పంపి, దూతలను పంపి, ఇజ్రాయెల్ ప్రధాని షమీర్ చేతులు కట్టేసినంత పని చేసింది. ఆ యుద్ధంలో అతి కష్టమైన పోరు అదేనని నేనంటాను. ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లోని అమిరియా ఆశ్రయం మీద రెండు బాంబులు పడి, లోపల తలదాచుకున్న 400 మందికి పైగా పౌరులు చనిపోయారు. వారిలో ఎక్కువ మంది ఆడవాళ్లు, పిల్లలు. గురి తప్పని బాంబుల గురించి గొప్పలు చెప్పిన వారాలవి. ఆ బాంబులూ గురి తప్పలేదు. లోపల ఎవరున్నారో తెలుసుకోకుండానే వేశారు.

పేట్రియాట్‌ను ఆ రోజుల్లో ఆపద్బాంధవిగా చూపించారు. ఫిబ్రవరి 25 రాత్రి సౌదీలోని దహ్రాన్‌లో ఒక స్కడ్ అమెరికన్ సైనికుల బస మీద పడి 28 మంది చనిపోయారు. అక్కడి పేట్రియాట్ దాన్ని ఎదుర్కొనే ప్రయత్నమే చేయలేదు. దాని కంప్యూటర్ కాలాన్ని సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెడుతుంది. ఆ పదో వంతును ద్విసంఖ్యామానంలో కచ్చితంగా రాయలేం, ప్రతిసారీ కొంత తెగిపోతుంది. ఆపకుండా 100 గంటలు నడిచేసరికి తేడా సెకనులో మూడో వంతుకు చేరింది. స్కడ్ వేగానికి ఆ కాస్త కాలం అర కిలోమీటరు పైమాటే. రాడార్ క్షిపణి లేని చోట వెతికి, ఏమీ లేదనుకుంది. సరిచేసిన సాఫ్ట్‌వేర్ దహ్రాన్‌కు మర్నాడు చేరింది.

కువైట్ సరిహద్దులో ఇరాక్ మందుపాతరలు పరిచి, చమురు కందకాలు తవ్వి ఎదురుచూసింది. పడమటి ఎడారి మీదుగా మహాసైన్యం దారి తప్పకుండా రాగలదని అది నమ్మలేదు. కూటమి దళపతి నార్మన్ ష్వార్జ్‌కాఫ్ ఆ దారినే ఎంచుకున్నాడు. వైమానిక దాడులతో ఇరాక్ కళ్లు మూసేశాక రెండు లక్షలకు పైగా సైనికులను, వేల ట్యాంకులను, లారీలను వందల కిలోమీటర్లు పడమటికి తరలించాడు. గుట్టా చెట్టూ లేని ఆ ఇసుకలో దారి చూపింది అప్పటికింకా పూర్తికాని జీపీఎస్. సైనిక రిసీవర్లు చాలక దుకాణాల్లో అమ్మే వాటిని కూడా వాడారు. అవి సరిగ్గా చూపాలని, పౌర సంకేతంలో కావాలని పెట్టే తప్పును అమెరికా అప్పటికి తీసేసింది.

ఇరాక్‌ను శాంతియుతంగా వెనక్కి రప్పించడానికి సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్ చివరి నిమిషం దాకా ప్రయత్నించాడు. బుష్ ఆగలేదు. ఫిబ్రవరి 24న భూతల దాడి మొదలైంది. అప్పటికే ఇరాక్ సేనలు 600కు పైగా చమురు బావులకు నిప్పు పెట్టాయి. ఆఖరి బావిని నవంబర్‌లో గానీ ఆర్పలేకపోయారు. అమెరికన్, బ్రిటిష్, ఫ్రెంచ్ దళాలు ఇరాక్ లోపలికి వెళ్లాయి. ఈజిప్టు, సిరియా సేనలు కువైట్ దాటి ఇరాక్‌లోకి వెళ్లలేదు, వెళ్లబోమని ముందే చెప్పాయి. పారిపోతున్న ఇరాక్ వాహనశ్రేణుల మీద ముత్లా కనుమ దగ్గర పడిన బాంబుల చిత్రాలు వాషింగ్టన్‌ను కలవరపెట్టాయి. సరిగ్గా 100 గంటలకు, 28న కాల్పులు ఆగాయి. అమెరికా వైపు పోరులో చనిపోయినవారు 150 లోపే. ఇరాక్ వైపు వేలల్లో.

తీర్మానం కువైట్ విముక్తి వరకే అనుమతించింది. బాగ్దాద్‌కు వెళ్తే అరబ్ మిత్రులు తప్పుకుంటారు. ఆ లెక్క తప్పని నేననను. తప్పు వేరేచోట ఉంది. ఫిబ్రవరి 15న బుష్ ఇరాక్ సైన్యాన్ని, ప్రజలను ఉద్దేశించి, సద్దాంను మీరే దించేయండన్నట్టు మాట్లాడాడు. మార్చి 3న సఫ్వాన్‌లోని గుడారంలో జరిగిన కాల్పుల విరమణ చర్చల్లో ఇరాక్ సైనికాధికారులు, వంతెనలు కూలిపోయాయి కాబట్టి హెలికాప్టర్లు నడుపుకోనివ్వండని అడిగారు. ష్వార్జ్‌కాఫ్ సరేనన్నాడు, ఆయుధాలున్న వాటికి కూడా. బస్రాలో, నజఫ్‌లో, కర్బలాలో, కుర్దుల కొండల్లో జనం అప్పటికే తిరగబడుతున్నారు. ఆ హెలికాప్టర్లే వాళ్ల మీద విరుచుకుపడ్డాయి. కొద్ది దూరంలోనే ఉన్న అమెరికన్ దళాలు చూస్తూ ఉండిపోయాయి. కుర్దులు పది లక్షలకు పైగా ఇరాన్, టర్కీ సరిహద్దుల మంచు కొండలకు పరుగుతీశారు. ఈ అణచివేతను ఖండిస్తూ ఏప్రిల్ 5న వచ్చిన 688వ తీర్మానానికి పది ఓట్లే పడ్డాయి. భారత్ తటస్థంగా ఉంది. తర్వాత ఉత్తరాన, దక్షిణాన ఇరాక్ విమానాలు ఎగరకూడని ప్రాంతాలు ఏర్పడ్డాయి. అమెరికన్, బ్రిటిష్ విమానాలు 2003 యుద్ధం దాకా వాటిని కాపలా కాశాయి.

ఏప్రిల్ 3న వచ్చిన 687వ తీర్మానం ప్రమాదకర ఆయుధాలను నాశనం చేయాలని, నష్టపరిహారం కట్టాలని ఇరాక్‌ను ఆదేశించింది. దీనికి భారత్ ఓటేసింది. ఐరాస పరిహార సంఘం ముందుగా తీర్చింది కువైట్, ఇరాక్‌ల నుంచి ఉన్నపళంగా పారిపోయిన సామాన్యుల దావాలను. మన దేశపు కార్మికులకూ అందులో వాటా దక్కింది. మొత్తం 5,240 కోట్ల డాలర్లను ఇరాక్ తన చమురు ఆదాయం నుంచి కట్టింది. ఆఖరి కిస్తీ కువైట్‌కు చేరింది 2022 జనవరిలో. అప్పటికి సద్దాంను ఉరితీసి పదిహేనేళ్లయింది.