చంద్రతల నామాలు – భూవిజ్ఞాన చరిత్ర: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

చంద్రుని పటంలో సముద్రాలున్నాయి, చంద్రునిపై లేవు. పేరు తాను పుట్టిన కాలపు ఊహను నిలుపుకొంటుంది. జ్ఞానం మారినా అది మారదు. చంద్రతల స్వరూపాలపై అవగాహన మారిన క్రమాన్ని పరిశీలించి, తెలుగులో శాస్త్రపదాల నిర్మాణానికి ఆ చరిత్ర సూచించే నియమాన్ని ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. నామకరణం

వెలుగు చీకట్ల సరిహద్దులోని నీడలను బట్టి చంద్రతలం నునుపైనది కాదని, అక్కడ కొండలు, పల్లాలు ఉన్నాయని గెలీలియో 1610లో ప్రకటించాడు. 1647లో హెవేలియస్ భూమిమీది పర్వతాల, సముద్రాల పేర్లను చంద్రునికి అన్వయించాడు. వాటిలో ఆల్ప్స్, అపెన్నైన్స్ వంటి కొన్ని పర్వతనామాలే మిగిలాయి. స్థిరపడింది 1651లో ఇటలీకి చెందిన జెసూట్ పండితుడు రిచ్చోలి అనుసరించిన పద్ధతి. ఆయన నల్లని మైదానాలకు ప్రశాంతి, వర్షం మొదలైనవాటిని సూచించే సముద్రనామాలను, గుండ్రని బిలాలకు తత్త్వవేత్తల, ఖగోళజ్ఞుల పేర్లను పెట్టాడు. సూర్యకేంద్ర సిద్ధాంతాన్ని తన గ్రంథంలో అంగీకరించని రిచ్చోలి, ప్రస్ఫుటమైన ఒక బిలానికి కోపర్నికస్ పేరు పెట్టడం గమనార్హం.

3. బిలాల పుట్టుక – వివాదం

రాబర్ట్ హుక్ 1665లో రెండు ప్రయోగాలను వివరించాడు. తడిమట్టిపై గుండ్లు వేసినా, మరుగుతున్న అలబాస్టర్ పొడిలో బుడగలు పగిలినా చంద్రబిలాలను పోలిన గుంటలు ఏర్పడ్డాయి. అయితే గుండ్ల వంటివి చంద్రునిపైకి ఎక్కడినుండి వస్తాయో ఊహించలేక అంతర్గత కారణంవైపే మొగ్గాడు. అగ్నిపర్వత వాదం ఆ తరువాత కూడా చాలాకాలం ప్రబలంగా సాగింది. 1893లో అమెరికన్ భూవిజ్ఞాని గిల్బర్ట్ అభిఘాత వాదాన్ని సమర్థించినా ఒక ప్రశ్న మిగిలింది: ఏటవాలుగా పడినవి కోలగుంటలు చేయాలి కదా, బిలాలన్నీ గుండ్రంగా ఎందుకున్నాయి? సెకనుకు కిలోమీటర్ల వేగంతో పడిన వస్తువు విస్ఫోటనంలా పనిచేస్తుందని, అందువల్ల కోణం ఏదైనా దాదాపు గుండ్రని బిలమే ఏర్పడుతుందని 20వ శతాబ్దిలో తేలింది. 1960లో షూమేకర్ బృందం అరిజోనా బిలంలో తీవ్రపీడనంవల్ల ఏర్పడే కోయెసైట్ ఖనిజాన్ని గుర్తించడంతో అభిఘాతానికి శిలాసాక్ష్యం లభించింది.

4. శిలల సాక్ష్యం

1969లో అపోలో 11 ప్రశాంతి సముద్రం నుండి తెచ్చిన శిలల్లో బసాల్ట్ ప్రధానమైనది. అగ్నిపర్వత ముఖాలనుకున్న బిలాలు అధికాంశం అభిఘాతఫలాలు కాగా, సముద్రాలనుకున్నవి లావా నిండిన పల్లాలని స్పష్టమైంది. ఆ నమూనాల్లోని తెల్లని అనార్థోసైట్ తునకలు, తొలి చంద్రుని ఆవరించిన శిలాద్రవ సాగరమనే భావనకు దారితీశాయి. 2023లో శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-3 రోవరు, సుమారు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం వద్ద సేకరించిన మృత్తికా సమాచారం కూడా ఈ భావనను బలపరిచింది.

5. ముగింపు

గ్రీకులో 'క్రేటర్' అంటే ద్రవాలు కలిపే పాత్ర. ఆ మాట ఆకారాన్నే చెప్పింది కనుక రెండు వాదాలకూ సరిపోయింది. 'సముద్రం' పదార్థాన్ని చెప్పి తప్పింది. తెలుగులో 'బిలం' కూడా ఆకారవాచకమే. 'అగ్నిపర్వత', 'అభిఘాత' అనే విశేషణాలను సాక్ష్యం ఉన్నచోటనే చేర్చాలి. 'ప్రశాంతి సముద్రం' సంజ్ఞగా నిలవవచ్చు. వర్ణనలో మాత్రం 'బసాల్ట్ మైదానం' అనడమే శాస్త్రీయం.